వదలడానికి ఇంగ్లీషు మాట

వూచ్, 21 నవంబర్ 2006

జనెత్కా,

నాన్నని నిన్న అమ్మ సమాధి పక్కనే పెట్టాం. పొద్దున్నుంచీ నీళ్ళ మంచు పడుతూనే ఉంది. ట్రామ్ డిపో నుంచి ఆయనతో పనిచేసిన ఇద్దరు ముసలివాళ్ళు పాత యూనిఫారాలు వేసుకుని వచ్చారు. బొత్తాలు పట్టక కోట్లు తెరిచే ఉంచుకున్నారు. పాదిరిగారు నాన్న పేరు జెనాన్ అనకుండా రెండుసార్లు జిగ్మున్త్ అన్నారు. రెండోసారి నేనే గట్టిగా దిద్దాను. నా సంగతి నీకు తెలుసుగా.

ఫెలీచ్యా అత్త భోజనాల దగ్గర సూప్ తాగుతూనే మొదలుపెట్టింది. చిన్నకూతురు రాలేదేమని అందరి ముందూ అడిగింది. పాస్‌పోర్టు పోలీసుల దగ్గర ఉందని చెప్పాను. "ఊరికే ఎవరి పాస్‌పోర్టూ తీసుకోరమ్మా" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ లాయరు పికర్స్‌గిల్ నువ్వు పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం నాకు పంపాడు. అందులో ఇంగ్లీషులో ఏముందంటే, నీళ్ళ అంచున నువ్వు నాన్నని పట్టుకుని ఉన్నావట, తర్వాత ఆ పట్టు వదిలేశావట. అంత మాట నువ్వు అని ఉండవు. పోలిష్‌లో సరిగ్గా ఏమన్నావో రాయి. "పుశ్చీవమ్", వదిలాను, అని ఉంటే, ఏ అర్థంలో అన్నావో కూడా రాయి. వెళ్ళనిచ్చావా, చెయ్యి వదిలేశావా? ఆ తేడా అక్కడ, ఇంగ్లండు కోర్టులో, చాలా పెద్దది.

వేళకి తిను. వెనక వీధిలో పోలిష్ కొట్టు ఉందన్నావుగా, రొట్టె అక్కడే కొనుక్కో.

నీ అక్క,
బోగ్నా

*

గ్రిమ్స్‌బీ, 2 డిసెంబర్ 2006

అక్కా,

నాన్నకి మట్టి వేసిన సంగతి నీ ఉత్తరంలో చదువుకున్నాను. నువ్వు బాగా రాస్తావు కాబట్టి అంతా కళ్ళకి కట్టింది. కృతజ్ఞతలు.

నన్ను అడిగావు కదా, చెప్తాను. ఆ రోజు ఆదివారం, ఫ్యాక్టరీ సెలవు. ఇంట్లో కూర్చుంటే ఆయన తలుపు పిడి పట్టుకుని లాగుతూనే ఉంటాడని ఓడలు చూపిద్దామని తీసుకెళ్ళాను. పడవలు నీళ్ళలోకి దించే వాలు ఉంటుంది, సిమెంటుది. అక్కడి దాకా బాగానే నడిచాడు. ఆ వాలు చూసి డిపో గేటు అనుకున్నాడు. బండి తీసే టైమైంది, వదులు అన్నాడు. వదిలాను. నాలుగడుగులు వేశాడు. ఆ తర్వాతది పోలీసుల కాగితంలో ఉంది.

వాళ్ళు ఫోనులో ఎవరో ఆడమనిషిని పెట్టారు. తర్జుమా చేసే మనిషట. ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో తెలియదు, ఆవిడ వెనక ఏదో ఇంట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. నేను ఒంటి మీద తడి బట్టలతో ఉన్నాను. "పుశ్చీవమ్" అన్నాను. ఇంకేమంటాం? మనకి ఇంకో మాట ఉందా? ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. ఏదో అంది, పోలీసాయన టైపు కొట్టాడు. అంతే.

ఏ అర్థంలో అన్నానని అడిగింది ఈ ప్రపంచంలో నువ్వు ఒక్కదానివే. నేను ఎలాంటిదాన్నో నీకు తెలుసు కదా. మన ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదానివి నువ్వు. వాళ్ళకి నువ్వే చెప్పు.

జనెతా

*

వూచ్, 10 డిసెంబర్ 2006

చెల్లాయ్,

నువ్వు చెప్పమన్నావు, చెప్పేశాను. నిన్ననే పికర్స్‌గిల్‌కి పంపాను, నా ముద్ర వేసి. సర్కారు తర్జుమాదారుకిచ్చే ఈ గుండ్రటి ముద్ర పన్నెండేళ్ళుగా నా సొరుగులో ఉంది. దీంతో ఇంగ్లండు నుంచి వచ్చే పాత కార్ల కాగితాలు, పుట్టిన సర్టిఫికెట్లు తప్ప ఇంకేమీ తర్జుమా చెయ్యలేదు. మొదటిసారి మనవాళ్ళ కోసం పనికొచ్చింది.

ఈ మాట మీద ఇన్ని పేజీలు రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నల్లా తిప్పినా పుశ్చిచ్, రేడియోలో పాట పెట్టినా పుశ్చిచ్. ఉతికితే బట్ట రంగు వదిలినా అదే. కుక్క గొలుసు విప్పినా, ఖైదీని విడిచిపెట్టినా, వెళ్తానన్నవాణ్ణి వెళ్ళనిచ్చినా, పట్టుకున్న చెయ్యి విడిచినా అదే. మనకి నోటికొచ్చినది ఒక్క మాట. ఇంగ్లీషువాడు ప్రతిదానికీ వేరే మాట పెట్టుకున్నాడు. 'లెట్ హిమ్ గో' అంటే వెళ్ళనిచ్చాను. 'లెట్ గో ఆఫ్ హిమ్' అంటే చెయ్యి విడిచేశాను. మధ్యలో ఒక చిన్న 'ఆఫ్'. ఆ ఫోనావిడ ఆ 'ఆఫ్' పెట్టింది. పెట్టడానికి ఆవిడకి హక్కు లేదు, అడిగి తెలుసుకోవాలి అని రాశాను. అన్ని అర్థాలూ ఉదాహరణలతో వరసగా ఇచ్చాను. ఏదీ దాచలేదు. దాస్తే మన మాట ఎవరూ నమ్మరు. అక్క కాబట్టి వెనకేసుకొస్తోంది అంటారు.

నువ్వు మాత్రం నా ప్రశ్నకి జవాబు రాయలేదు. వదిలాను అని మళ్ళీ అదే రాశావు.

క్రిస్మస్ రాత్రి బల్ల మీద లేనివాళ్ళ కోసం ఒక ఖాళీ పళ్ళెం పెట్టాలి కదా, ఈసారి అది నాన్నదో నీదో తెలియక రెండు పెడదామనుకుంటున్నాను. ఫెలీచ్యా అత్త వస్తానంది. తండ్రిని గాలికి వదిలేసిందని నీ గురించి చర్చి మెట్ల మీద చెప్పుకుంటున్నారట, ఆవిడ నాతో అంది. వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ నీకు తెలియకుండా ఉండటం కన్నా తెలియడం మంచిది కదా.

బోగ్నా

*

(జైలు నుంచి) 19 జనవరి 2007

బోగ్నా,

చిరునామా చూసి భయపడి ఉంటావు. అవును, ఇది అదే. కొత్త సంవత్సరం వచ్చిన వారంలో తీసుకొచ్చారు. పోలండు పారిపోతానని బెయిలు ఇవ్వలేదు. ఆడవాళ్ళ జైలు. గదిలో నాతో ఇంకొకామె ఉంది, మాట్లాడదు, మంచిదే. పోలిష్ ఉత్తరాలు ఇక్కడ ఎవరో చదివాక గానీ ఇవ్వరు, ఆ చదివే మనిషి ఎప్పుడొస్తే అప్పుడే. నీది పండుగ రద్దీలో ఆలస్యమై, గ్రిమ్స్‌బీ ఇంటి నుంచి ఇక్కడికి తిరిగి, నిన్న అందింది.

నువ్వు రాసిన అర్థాలు పికర్స్‌గిల్ కోర్టుకి ఇచ్చాడు, మళ్ళీ తర్జుమా చేయించమని అడుగుతూ. ప్రభుత్వం తరఫు లాయరు అదే కాగితం చేత్తో పట్టుకుని చదివాడు. స్వయానా ముద్దాయి అక్క, ప్రమాణం చేసిన తర్జుమాదారు, ఈ మాటకి చెయ్యి వదిలేయడం అనే అర్థం ఉందని ఒప్పుకున్నారు అన్నాడు. కుక్క గొలుసు కూడా చదివాడు. అది చదువుతుంటే వెనక ఎవరో నవ్వారు.

నిన్ను ఒక్క మాట చెప్పమన్నాను. నువ్వు పాఠం చెప్పావు.

కుక్కతో నడుస్తున్న ఒకాయన దూరం నుంచి చూశాడట. మేం పెనుగులాడామని, అరుచుకున్నామని చెప్పాడు. ఆయన చూశాడు కాబట్టి చెప్పాడు, ఆయన మీద నాకు కోపం లేదు. నువ్వు ఏమీ చూడలేదు. అయినా రెండు ఉత్తరాల్లో రెండుసార్లు అడిగావు. నాన్నని గాలికి వదిలేశానని చర్చి మెట్ల మీద అనుకుంటున్నారని నాకు తెలియజెయ్యడం మంచిదనుకున్నావు. ఆ మెట్ల మీద నువ్వు కూడా నిలబడి ఉన్నావు కదా, ఏమన్నావో రాయలేదు.

వచ్చే నెల కోర్టులో నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు. నా తోడబుట్టినదే నమ్మకపోతే తెల్లజుట్టు టోపీ పెట్టుకున్న ఆ ముసలి జడ్జి ఎందుకు నమ్ముతాడు? ఒప్పుకుంటాను, ఈ గొడవ వదిలిపోతుంది.

జనెతా

*

వూచ్, 27 జనవరి 2007

జనెత్కా, నా బంగారం,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం వచ్చింది. నిలబడే చదివి నిలబడే రాస్తున్నాను. ఒప్పుకోకు. ఎవరేమన్నా ఒప్పుకోకు.

నిన్ను అనుమానించి అడగలేదు. మాట మీద అడిగాను. నాకు వచ్చిన పని అదొక్కటే, ఒక మాట చేతికి వస్తే దాని లోపల ఏముందని అడగడం. మనిషిని అలా అడగకూడదని నాకు తట్టలేదు. చర్చి మెట్ల మీద నేను ఏమన్నానో రాయలేదన్నావు. ఫెలీచ్యా అత్తతో ఆరు వారాలుగా నాకు మాటల్లేవు. క్రిస్మస్ బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇది ముందే రాసి ఉండాల్సింది. చాడీలు చెప్పినంత త్వరగా మంచి సంగతులు రాయడం చేతకాలేదు.

పికర్స్‌గిల్‌కి మళ్ళీ రాశాను. స్కూల్లో సెలవు అడిగాను, ఈస్టర్ లోపు ఇవ్వం అన్నారు, అయినా ఫిబ్రవరి చివరికి ఎలాగో వస్తాను. నేను వచ్చేదాకా నోరు విప్పకు. వాళ్ళు ఏ భాషలో అడిగినా నాకు అర్థం కాలేదు అను.

ఈ ఉత్తరం నీకు తొందరగా ఇవ్వమని కవరు మీద ఇంగ్లీషులో రాస్తున్నాను. ఆ చదివే మనిషి ఎవరైనా సరే, దయచేసి ముందు దీన్ని చదవమని.

నీ బోగ్నా

*

9 ఫిబ్రవరి 2007

అక్కా,

నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. నీకు కోపం వచ్చిందనుకుంటాను. నేనూ అలాగే రాశాను కదా.

అయిపోయింది. మంగళవారం కోర్టు. లుబ్లిన్ నుంచి వచ్చిన ఒకావిడని నా పక్కన తర్జుమాకి కూర్చోబెట్టారు, మంచి మనిషి, చల్లటి చేతులు. నిర్లక్ష్యంగా వదిలేసి తండ్రి చావుకి కారణమైందని అభియోగం చదివారు. ఆవిడ ఇంకా పోలిష్‌లోకి తిప్పుతూనే ఉంది, నేను నా అంతట నేనే ఇంగ్లీషులో "గిల్టీ" అన్నాను. ఆ మాటకి ఒకే అర్థం ఉంది. చెప్పగానే కాళ్ళ కింద నేల తగిలినట్టయింది. మూడేళ్ళు వేశారు.

ఇప్పుడు దీంతో ఎవరికీ పని లేదు కాబట్టి నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. ఇంక మళ్ళీ అడగవు.

నాన్నకి నేను ఎవరో తెలియదు. వేసవి నుంచీ తెలియదు. నీకు చెప్పలేదు. నన్ను 'అమ్మగారూ' అని పిలిచేవాడు. స్నానం చేయించినందుకు చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పేవాడు. అది కూడా భరించాను. కానీ రోజూ పొద్దున్నే అడిగేవాడు, "మా అమ్మాయి టీచరమ్మా, ఇంగ్లీషు వచ్చు, బోగ్నా అని. ఎప్పుడొస్తుందో కాస్త కనుక్కుంటారా?" అని. ఆయన్ని ఇక్కడికి పంపేసింది నువ్వు. దగ్గర పెట్టుకున్నది నేను. ఆయనకి ఒకే కూతురు ఉంది, అది నువ్వు.

ఆ ఆదివారం వాలు దగ్గర చెయ్యి పట్టుకుంటే పెనుగులాడాడు. ఆ కుక్క మనిషిని చూసి పోలీసుల్ని పిలవమని అరిచాడు, ఎవరో ఆడమనిషి తనని ఎత్తుకుపోతోందని. నా చెంప మీద కొట్టాడు. అప్పుడు మళ్ళీ మర్యాదగా, బతిమాలుతూ అన్నాడు: "వదలండి అమ్మగారూ. మా బోగ్నా ఎదురుచూస్తోంది."

"సరే, వెళ్ళు. దాని దగ్గరికే వెళ్ళు" అన్నాను. చెయ్యి తెరిచాను.

వాలు మీద పాచి ఉందని నాకు తెలుసు. అంతకు ముందే నేను జారబోయి నిలదొక్కుకున్నాను. పడాలని కాదు, అక్కా. ఒట్టు. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు ఆయన నా చేతిలో ఉండకూడదనిపించింది. ఆ ఊపిరి తీసుకున్నాను.

తర్వాత నేనూ దూకాను. నీళ్ళలో నా చెయ్యి దొరికితే పట్టుకున్నాడు, గట్టిగా, చిన్నపిల్లాడిలాగా. ఎవరి చెయ్యి అనుకున్నాడో. ఆ పట్టుని అల విడదీసింది. నేను కాదు.

దీనికి ఇంగ్లీషులో ఏ మాట ఉందో నువ్వే చూసుకో.

జ.

*

వూచ్, 4 మార్చి 2007

జనెత్కా,

నీ ఉత్తరం, ఆలస్యమైన నా ఉత్తరం ఇంకా నీకు ఇవ్వలేదన్న పికర్స్‌గిల్ కబురు, రెండూ ఒకే రోజు వచ్చాయి. నేను ఒప్పుకోకు అని రాసిన కాగితం ఆ మంగళవారం మీ జైల్లోనే ఏ బుట్టలోనో పడి ఉంది.

నాన్న నన్ను అడిగాడన్నది చదివాక రెండు రోజులు స్కూలుకి వెళ్ళలేదు. ఆయన నన్ను తలుచుకున్నందుకు నాకు సంతోషం కలగాలి. కలగలేదు. నీకు రావాల్సింది పొరపాటున నా ఇంటికి వచ్చినట్టుంది. వెనక్కి పంపడానికి చిరునామా లేదు.

పికర్స్‌గిల్ ఒక దారి ఉందంటున్నాడు. మొదటి రోజు తర్జుమా తప్పు, ఆ తప్పు వల్లే నువ్వు బెదిరి ఒప్పుకున్నావు అని పై కోర్టుకి వెళ్ళొచ్చట. అందుకు నేను ప్రమాణపత్రం రాయాలి. ఆ పరిస్థితిలో ఆ మాటకి వెళ్ళనిచ్చాను అన్న ఒక్క అర్థమే వస్తుందని, ఇంకో అర్థం రాదని. నీ ఉత్తరం రాకముందు అయితే కళ్ళు మూసుకుని రాసేదాన్ని. ఇప్పుడు కాగితం టైపు చేశాను, ముద్ర సిరాలో అద్దాను, వెయ్యలేదు. నువ్వు చెప్పు. వెయ్యనా?

ఫిబ్రవరిలో సెలవు దొరకలేదు, నిన్ను చూడటానికి ఏప్రిల్‌లో వస్తున్నాను. చూడ్డానికొచ్చేవాళ్ళ పట్టీలో నా పేరు రాయించు.

బోగ్నా

*

గ్రిమ్స్‌బీ, 19 ఆగస్టు 2007

జనెత్కా,

పై చిరునామా తప్పు కాదు. నీ గదిలోంచే రాస్తున్నాను. ఇంటావిడ ఎవరికీ అద్దెకి ఇవ్వలేదు, పోలీసులొచ్చిన గది ఎవరికీ వద్దట. నాన్న మంచం కిటికీ పక్కనే ఉంది. నేను నీ మంచం మీద పడుకుంటున్నాను.

మార్చి ఉత్తరానికి నువ్వు జవాబు ఇవ్వలేదు. ఏప్రిల్‌లో గేటు దగ్గరికి వస్తే నా పేరు లేదన్నారు. అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు, ఉత్తరం ఆలస్యమైందనుకున్నాను. రైల్లో తిరిగి వెళ్తుంటే తెలిసింది. ఇంక మళ్ళీ అడగవు అని నువ్వు రాస్తే, నేను వెంటనే మళ్ళీ అడిగాను. నా పాపం నీ చేత మోయించబోయాను.

నువ్వు చెప్పకుండానే వేసేశాను. ఒక్కటే అర్థం అని రాసి సంతకం చేసి ముద్ర వేశాను. పన్నెండేళ్ళలో నేను ముద్ర వేసిన అబద్ధం అదొక్కటే. జులైలో పై కోర్టు తోసిపుచ్చింది. ముద్దాయి తర్జుమా లేకుండా తన నోటితో ఒప్పుకుంది కాబట్టి మొదటి తర్జుమా సంగతి అనవసరం అన్నారట. నా కాగితం చదవనైనా లేదు. నా అబద్ధం కూడా నీకు అక్కరకి రాలేదు.

ముద్ర జిల్లా ఆఫీసులో వెనక్కి ఇచ్చేశాను. స్కూలుకి రాజీనామా రాశాను. ఫెలీచ్యా అత్త తన ఇంటి తలుపు దగ్గర నిలబడి, ఒకత్తి చాలదని రెండోదానికీ మతి పోయింది అంది. అవునన్నాను.

నీ ఫ్యాక్టరీలోనే చేరాను. చేపల ముళ్ళు తీసే వరసలో నిలబెట్టారు. నీ పక్కన పనిచేసిన ఇరేనా నాకు కత్తి పట్టుకోవడం నేర్పింది. టీచరమ్మ చేతులు, చేపకే జాలేస్తుంది అని ఎగతాళి చేస్తుంది. నిన్ను అడుగుతుంది. బాగున్నావని చెప్తున్నాను, నాకు తెలియకపోయినా.

ఆ వాలు దగ్గరికి ఒకసారి వెళ్ళాను. సముద్రం పోటు మీద ఉంది, సగం సిమెంటు నీళ్ళ కింద ఉంది. ఒక మనిషి పడవ దించుకుంటూ, కాస్త పక్కకి జరగమ్మా అన్నాడు. జరిగాను. అంతే, ఇంకేం జరగలేదు. ఏదో తెలుస్తుందనుకుని వెళ్ళాను. ఏమీ తెలియలేదు.

శనివారం మళ్ళీ జైలుకి వచ్చాను. పేరు లేదన్నారు. గేటు దగ్గర అమ్మాయి నన్ను గుర్తుపడుతోంది, ఈసారి కుర్చీ వేసింది. బస్సు వచ్చేదాకా కూర్చున్నాను. నువ్వు రానిచ్చినా రానివ్వకపోయినా సెలవు దొరికిన ప్రతి శనివారం వస్తాను. ఇందులో నీకు ప్రశ్నేమీ లేదు. జవాబు రాయనక్కరలేదు.

బోగ్నా

*

6 సెప్టెంబర్ 2007

అక్కా,

నీ పేరు రాయించాను. పదిహేనో తారీఖు మధ్యాహ్నం రెండు గంటలకి.

వచ్చి కూర్చో. నాన్న గురించి ఏ భాషలోనూ అడగకు.

జనెతా